తొమ్మిది పిన్నుల బోర్డు

“ఈ గీత ఎవరు గీశారు?”

అక్క ఆ కాగితాన్ని వంటింటి దీపం కిందకి పట్టుకుని అడిగింది. ఇంట్లో ఉన్నదే ముగ్గురు. తను గీయలేదు. చెల్లెలు గీయలేదు. ఆ మూడో మనిషి చేత్తో కలం పట్టి నలభై ఒక్క రోజులైంది.

“నన్నెందుకలా చూస్తావక్కా? నేను రాసిన లిస్టు నేనే కొట్టేసుకుంటానా?” అంది పిట్ట.

పిట్ట అసలు పేరు ఇంట్లో ఎవరూ వాడరు. చిన్నప్పుడు పుల్లలా ఉండి, తెల్లారిన దగ్గర్నుంచీ కిచకిచలాడేదని అక్క పెట్టిన పేరది. ఇప్పుడు ముప్ఫై దాటింది. కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తోంది. కిచకిచలు ఎప్పుడో తగ్గాయి. ఈ నలభై ఒక్క రోజుల్లో మరీ తగ్గాయి.

కాగితం మీద ఉన్నది బావ కోసం ఇంట్లోనే బిగించబోయే కంప్యూటరు సామాను. తక్కువలో తక్కువగా రాసింది పిట్ట. ప్రాసెసరు, మెమరీ, వాటిని గుచ్చే మదర్‌బోర్డు, డిస్కు, పైన డబ్బా. మూడో వరుసలో ‘మదర్‌బోర్డు, చిన్నది’ అని ఉన్నచోట పెన్సిలుతో అడ్డంగా ఒక గీత. దాని కింద, చీమలు బారు కట్టినట్టుండే బావ దస్తూరీలో రెండు ముక్కలు.

‘పెద్దది. వెనకాల తొమ్మిది పిన్నుల పోర్టు ఉండాలి.’

“బాగుందమ్మా, చాలా బాగుంది,” అంది అక్క, ముందుగది వైపు తిరిగి, అక్కడ కూర్చున్న మనిషికి వినపడేలా. “సంతకం పెట్టండి మహాప్రభో అని కంపెనీ కాగితం ముందు పెట్టి పది రోజులైంది. దానికి కలం దొరకలేదు. దీనికి పెన్సిలు దొరికిందా?”



బావ కిటికీ పక్క స్టూలు మీద ఉన్నాడు. కిటికీకి తెర. తెర తొలగకుండా రెండు పక్కలా బట్టలారేసే క్లిప్పులు. రెండు వీధుల అవతల కడుతున్న భవనం మీద క్రేను ఈ కిటికీలోంచి కనిపిస్తుందని, ప్రమాదం జరిగిన మర్నాడే అక్క వాటిని పెట్టింది. తెర మూసి ఉన్నా బావ చూసేది అటే.

పంతొమ్మిదేళ్ళు క్రేను నడిపిన మనిషి. ఇరవై అంతస్తుల ఎత్తున గాజు గదిలో కూర్చుని, కింద మనిషి చెయ్యి ఊపితే ఇనుము ఎత్తేవాడు, ఈల ఊదితే ఆపేవాడు. ఆ కింద మనిషిని అందరూ ఈలాయన అనేవాళ్ళు. నలభై ఒక్క రోజుల కిందట కట్టు తెగి చువ్వల మోపు ఈలాయన మీద పడింది. ప్రాణం ఆసుపత్రిదాకా కూడా నిలవలేదు.

ఆ రోజు నుంచి బావ పెడితే తింటాడు, పడుకోమంటే పడుకుంటాడు. అడిగినదానికి తలూపుతాడు, ఒక్కోసారి అదీ లేదు. ఈలాయనే సైగ తప్పు ఇచ్చాడని కంపెనీవాళ్ళు ఒక వాంగ్మూలం రాసి పంపారు. కింద సంతకానికి చోటు వదిలారు. ఎల్లుండి విచారణ.

“పెద్దదంటే ఎంత తేడా వస్తుందే?” అంది అక్క గొంతు తగ్గించి.

“చిన్నదాని మీద ఇంకో సగం.”

“ఆయన చెయ్యబోయేది బిల్లుల్లో అంకెలు ఎక్కించే పని. దానికి చిన్నది చాలు, కళ్ళకద్దుకుని తీసుకోవచ్చన్నది నువ్వే కదా?”

“చాలక్కా. దానికైతే చాలు.”

“మరి?”

“నాకేం తెలుసు? రాసినాయన్ని అడుగు.”

“అడిగితే చెప్పే మొగుడే అయితే నిన్నెందుకు అడుగుతానే?” అక్క కాగితం బల్ల మీద పడేసింది. మళ్ళీ తీసింది. “మదర్ బోర్డట, మదర్! మన అమ్మలాగా ఎవరొచ్చి ఏం గుచ్చినా ఓర్చుకునే రకం కాబోలు.”

మామూలు రోజుల్లో అయితే పిట్ట నవ్వేది. నవ్వొస్తుందేమోనని ఒక్క క్షణం ఆగింది కూడా. రాలేదు.

అక్క ఆ రెండు ముక్కలూ మళ్ళీ చదువుకుంది. బొటనవేలితో పెన్సిలు గీతను మెల్లిగా తడిమింది. యూనిఫారాల ఫ్యాక్టరీలో రోజంతా కుట్టు మిషను మీద ఆడే వేలది, చివర సూది పోట్లతో గరుకు తేలింది.

“గీతంటూ గీశాడు కదే,” అంది. గొంతు మారిపోయింది. “ఇది వద్దు, అది కావాలి అనిపించింది కదా మనిషికి. నలభై రోజుల్నుంచీ పప్పులో ఉప్పు లేకపోయినా ఒక మాట అనలేదు. ఇవాళ బోర్డు బాగాలేదన్నాడు. తీసుకురా, పెద్దదే తీసుకురా. అవసరమైతే నెలంతా ఓవర్‌టైము కుడతాను.”

పిట్ట తలూపింది. సంతోషించాల్సిన మాటే అని తెలుసు. పన్ను పీకేముందు చిగురుకి సూది వేస్తే పెదవి మనది కానట్టుంటుంది కదా, లోపలంతా అలా ఉంది ఆమెకి. తాకితే తెలుస్తోంది, నొప్పిగాని తీపిగాని తెలియడం లేదు.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బయలుదేరింది. గడప దాటుతూ వెనక్కి చూస్తే బావ తెర వైపే చూస్తున్నాడు.

* * *

“తొమ్మిది పిన్నులా? ఈ కాలంలో ఎవరికే తల్లీ?” అన్నాడు షాపాయన. ఆయనకి కళ్ళ మీద ఒక అద్దాల జత, నుదుటి మీద ఇంకో జత. ఒకటి మనుషుల్ని చూడ్డానికి, ఒకటి బోర్డుల్ని చూడ్డానికి. తొందరలో తారుమారవుతుంటాయి. “మ్యూజియం పెడుతున్నాడా మీ బావ?”

“ఎందుకో నాకూ తెలియదండీ. ఉంటే చూడండి.”

ఆయన నిచ్చెనెక్కి పై అరలోంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి దించాడు. “ఆఫీసుల కోసం చేసిన రకం. రంగురంగుల దీపాలుండవు, సింగారాలుండవు. గాడిదలా మోస్తుంది. రెండేళ్ళనుంచీ అడిగే దిక్కు లేక పడుంది. నీకు కాబట్టి కొన్న ధరకే. పట్టుకెళ్ళు.”

ఆయన భోజనానికి వెళ్ళాక పిట్ట రెండు బోర్డులనూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. చిన్నది అరచెయ్యంత. మెమరీ పెట్టే స్లాట్లు రెండు. పెద్దదానికి నాలుగు. కరెంటు వచ్చే చోట వేడి లాగే లోహపు దిమ్మ చిన్నదానికి లేదు, పెద్దదానికి ఉంది. ఒక నెల పనికైతే తేడా తెలియదు. రోజుకి పది గంటలు, ఏళ్ళ తరబడి నడిపితే తెలుస్తుంది.

అంకెలు ఎక్కించడానికి ఇదెందుకు?

“దొరికిందా?”

పిట్ట తలెత్తింది. గుమ్మంలో బావ. కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు. ఇంటి నుంచి షాపుకి అరగంట నడక. నలభై ఒక్క రోజుల్లో ఈ మనిషి వీధి గుమ్మం దిగలేదు.

“దొరికింది బావా. లోపలికి రండి, కూర్చోండి.”

కూర్చోలేదు. బల్ల దగ్గరికి వచ్చి పెద్ద బోర్డును రెండు చేతులతో అంచులు పట్టుకుని ఎత్తాడు. ఎవరూ చెప్పకుండానే అంచులు పట్టుకున్నాడు. వెనక్కి తిప్పి, తీగ గుచ్చే ఆ పాతరకం పోర్టు చూశాడు.

“ఎన్నేళ్ళు నడుస్తుంది?” గొంతు వాడకం లేక మూలపడ్డ యంత్రంలా ఉంది, కానీ తడబాటు లేదు.

“ఏడెనిమిదేళ్ళకి ఢోకా లేదు.”

“చిన్నదైతే?”

“అదీ నడుస్తుంది. కాకపోతే రేపు ఇంకేదైనా చేర్చుకోవాలంటే చోటుండదు. దీంట్లో ఇప్పుడు రెండు స్లాట్లు నింపుతాం, రెండు ఖాళీగా ఉంటాయి. రెండు మూడేళ్ళు పోయాక ఇంతకంటే జోరైన ప్రాసెసరు కూడా వేసుకోవచ్చు, బోర్డు మార్చకుండానే.”

“బట్టల నమూనాలు గీసే సాఫ్ట్‌వేరు నడుస్తుందా?”

“ఏ నమూనాలు?”

“చొక్కాలు, ప్యాంట్లు. మీ అక్క ఫ్యాక్టరీలో గీస్తారే, అవి.”

“నడుస్తుంది. మెమరీ కొంచెం ఎక్కువ వెయ్యాలి.” పిట్ట ఆగింది. “బావా, మీరు చెయ్యబోయేది బిల్లుల పని కదా?”

బావ బోర్డు కింద పెట్టాడు. “ఫ్యాక్టరీవాళ్ళు పాత గీతల మెషీను అమ్మేస్తున్నారు. నమూనా గీసి, కాగితం కోసి ఇచ్చేది. మొన్న మీ అక్క నీతో అంటుంటే విన్నాను. అది మనింట్లో ఉంటే ఇంకొకళ్ళ కింద కుట్టే ఖర్మేంటే అంది. దాని తీగ తొమ్మిది పిన్నులది. నేనొకసారి అక్కడికి వెళ్ళినప్పుడు చూశాను.”

“అయితే ఈ కంప్యూటరు అక్కకా?”

“నేనుండను కదా,” అన్నాడు బావ.

గొడుగు తీసుకెళ్ళను అన్నంత మామూలుగా అన్నాడు. పిట్ట ముఖంలో ఏం కనిపించిందో, వెంటనే అందుకున్నాడు. “చావు మాట కాదులే, భయపడకు. ఎల్లుండి ఉన్నదున్నట్టు చెప్తాను. చెప్పాక ఇంటికి పంపరు.”

బయట ఎవరో బండి ఆపి, హారన్ కొట్టి, వెళ్ళిపోయారు.

“బరువెక్కువైతే క్రేనులో గంట మోగుతుంది పిట్టా. మోగితే దానంతటదే ఆగిపోతుంది. ఆగకుండా నడపాలంటే ఒక తాళం తిప్పాలి. ఆ తాళం సూపర్‌వైజరు దగ్గర ఉండాలి. ప్రమాదానికి ముందు మూడు వారాలూ నా జేబులోనే ఉంది. పని వెనకబడిందని ఇచ్చాడు, నేను తీసుకున్నాను. ఆ రోజు తిప్పింది నేనే.”

“మరి ఈలాయన సైగ?”

“సరిగ్గానే ఇచ్చాడు. దించమని చెయ్యి ఊపాడు. ఈల కూడా ఊదాడు. నాకు వినపడింది. ఇంకొక్క అంతస్తే కదా అనుకున్నాను.”

పిట్టకి ఏడవాలనో, అరవాలనో, కనీసం ఆ మనిషి చెయ్యి పట్టుకోవాలనో అనిపించాలి. ఆమె ఆ పోర్టులో పిన్నులు లెక్కపెట్టింది. పైన అయిదు, కింద నాలుగు.

“ఈలాయన భార్య విచారణకి వస్తుందట,” అన్నాడు బావ. “నీ మొగుడి తప్పే అని ఆమె ముందు చదివించాలని చూస్తున్నారు. నా చేత.”

“అక్కకి తెలుసా?”

“తెలియదు. నువ్వూ చెప్పకు. ముందు ఇది బిగించెయ్యి. నడుస్తోందని కళ్ళతో చూస్తే, నేను వెళ్ళి వాళ్ళ ముందు కూర్చోగలను.”

ఇది జరిగే పని కాదని పిట్ట అనాలి. అక్క ఈ ఇంటిని పంటి బిగువున నిలబెడుతోందని, ఆ సంతకం మీదే ప్రాణాలు పెట్టుకుందని చెప్పాలి. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

“చిన్నదైతే నమూనాలకి చాలదు. పెద్దదే తీసుకెళ్తాను.”

బావ తలూపాడు. వచ్చినట్టే ఇంటి చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

* * *

సాయంత్రం పిట్ట వచ్చేసరికి ఇల్లు కళకళలాడుతోంది. అక్క సగం పూట సెలవు పెట్టి వచ్చింది. ముందుగదిలో బల్ల మీద సామాను తీసేసి తుడిచింది. యూనిఫారాల నీలం గుడ్డ ముక్కలు కలిపి కంప్యూటరుకి ముసుగు కూడా కుట్టేసింది. కొలతలు తెలియకుండానే.

“కాస్త వదులుగా కుట్టాలే,” అంది. “నీకో సంగతి చెప్పనా? ఆయన మధ్యాహ్నం అలా తిరిగొచ్చాడట. కింది ఇంటావిడ చెప్పింది. వచ్చి భోజనం చేశాడు. పప్పు మళ్ళీ వేయించుకున్నాడే! నువ్వేం మంత్రం వేశావోగానీ నీ బోర్డుకి దండం పెట్టాలి.”

పిట్ట పెట్టె విప్పింది. బావ వచ్చి టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

ప్రాసెసరు మూల మీద చిన్న త్రికోణం ఉంటుంది. బోర్డు మీద త్రికోణంతో అది కలవాలి. కలిపి, వేలితో నొక్కకుండా వదిలితే దానంతటదే కూర్చుంటుంది. పిట్ట వదిలింది. కూర్చుంది. మీట దించింది. చేతులు వణకలేదు. వణకకపోవడమే ఆమెకి వింతగా తోచింది.

“కుర్చీ ఇటు వేస్తానండీ, ఫ్యాను గాలి తగులుతుంది,” అంటోంది అక్క. “మొదటివారం ఎక్కువ ఎక్కించకండి. అలవాటయ్యాక చూద్దాం. ఎల్లుండి ఆ గోల వదిలిపోతే ఇంక మనకి అడ్డేముంది? సంతకం పొద్దున్నే పెట్టేద్దురు. అయిదు నిమిషాల పని.”

టార్చి వెలుగు కదల్లేదు.

మెమరీ రెండు ముక్కలూ టక్కుమని కూర్చున్నాయి. డిస్కు, తీగలు, ఫ్యాను. పిట్ట మీట నొక్కింది. ఒక్కసారి బీప్ మంది. స్క్రీను వెలిగి, కొత్త బోర్డు కదా, ఇవాళ తేదీ ఎంత అని అడిగింది.

అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. “మాట్లాడింది! మా ఇంట్లో మనుషులకంటే ఇదే నయం.” ఆ ఊపులోనే గుడ్డ తీసుకుని వెనకవైపు దుమ్ము తుడవబోయింది. తుడుస్తున్న చెయ్యి ఆగింది.

“ఇదేంటే?”

పిట్ట తీగలు సర్దుతోంది.

“పిట్టా, నిన్నే. ఇది మా గీతల మెషీను తీగ మూతి కదా? పొద్దున పిన్నులూ గిన్నులూ అంటే నాకు తట్టలేదు. రోజూ ఇరవైసార్లు ఊడిపోతుంటే నేనే పెడతాను దీన్ని.” అక్క లేచి నిలబడింది. “బిల్లులు ఎక్కించడానికి ఇదెందుకు?”

బావ టార్చి ఇంకా బోర్డు మీదే పట్టుకుని ఉన్నాడు. అక్కడ బిగించాల్సింది ఏమీ లేదు.

“ఏవండీ. ఎవరి కోసం ఈ కంప్యూటరు?”

అక్క ఆ పిన్నుల మూతిని వేలితో తడిమింది.

“నాకా?”

బావ తల దించుకున్నాడు. అక్క చెల్లెలి వైపు తిరిగింది.

“నీకు తెలుసా?”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“మధ్యాహ్నం నుంచి.”

“తెలిసే నా ఎదురుగా కూర్చుని బిగించావా? నేను చప్పట్లు కొడుతుంటే చూస్తూ కూర్చున్నావా?”

“బిగించాను,” అంది పిట్ట.

“దాన్ననకు,” అన్నాడు బావ. నలభై ఒక్క రోజుల్లో పెళ్ళాంతో అన్న మొదటి మాట అది. “చెప్పొద్దన్నది నేనే. ఆ కాగితం మీద సంతకం పెట్టను. బరువెక్కువై గంట మోగినా ఆగకుండా తాళం తిప్పింది నేనేనని చెప్పేస్తాను. ఉన్నదున్నట్టు.”

ఇక ఇల్లు పీకి పందిరేస్తుందనుకుంది పిట్ట. అక్క కోపం వాళ్ళింట్లో పేరు మోసింది. కానీ అక్క కొత్తగా వేసిన కుర్చీలో కూర్చుంది. చేతిలో గుడ్డను నాలుగు మడతలు పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

“ఉన్నదున్నట్టంటే, ఫోను సంగతి కూడా చెప్తారా?”

టార్చి వెలుగు బోర్డు మీద నుంచి జారి గోడ మీదకి పోయింది.

“ఏ ఫోనక్కా?” అంది పిట్ట.

“ఆ రోజు పదకొండింటికి పైనుంచి ఫోను చేశాడు నాకు. బరువు మరీ ఎక్కువగా ఉంది, నాకు భయంగా ఉంది, దిగొచ్చేస్తానన్నాడు.” అక్క చెల్లెలితోనే మాట్లాడుతోంది, చూపు మాత్రం గుడ్డ మీద ఉంది. “నేను మిషను మీద ఉన్నాను. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, కాలు కూడా ఆపలేదు. దిగితే పనిలోంచి తీసేస్తారు, నోరు మూసుకుని కానివ్వండి అన్నాను. అర నిమిషం కూడా మాట్లాడలేదు. పెట్టేశాను.”

పిట్ట ఆమె వైపు చూసింది. పది రోజులుగా ఆ సంతకం కోసం పోరుతున్నది మొగుణ్ణి కాపాడుకోవడానికేననుకుంది. తనొక్కతే కాదు, వీధిలో అందరూ అలాగే అనుకున్నారు.

“ఈ నలభై రోజులూ మీరేం మాట్లాడకపోతే, నా మీద కోపం అనుకున్నానండీ,” అంది అక్క. “చెప్పండి. ఎల్లుండి ఆ ఈలాయన భార్య ముందు అది కూడా చెప్తారా?”

బావ టార్చి ఆర్పి బల్ల మీద పెట్టాడు. మొదటిసారి భార్య కళ్ళలోకి చూశాడు.

“ఏ ఫోను?” అన్నాడు.

“అదేంటండీ?”

“నేను ఎవరికీ ఫోను చెయ్యలేదు. పైన ఉన్నప్పుడు నేను ఫోను ముట్టను. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి ముట్టలేదు.”

ఆ గొంతులో తడబాటు లేదు. మధ్యాహ్నం షాపులో తాళం సంగతి చెప్పిన గొంతే. ఈల వినపడిందన్న గొంతే. మధ్యాహ్నం మాటల్లాగే ఈ మాటా నిజమో కాదో గొంతును బట్టి పోల్చుకోవడం పిట్ట వల్ల కాలేదు.

“చేశారు,” అంది అక్క.

“లేదు.”

“నేను విన్నానండీ. నా చెవులతో విన్నాను.”

“ఇంకెప్పుడో విన్నది కలిపేసుకుంటున్నావు.”

అక్క కుర్చీలోంచి లేవలేదు. ఒళ్ళోంచి తన ఫోను తీసి, వచ్చిన కాల్స్ ఉన్నచోట తెరిచి, ఆ రోజు కాల్ కోసం బొటనవేలితో వెనక్కి జరపడం మొదలుపెట్టింది. నిన్న, మొన్న, పోయినవారం. సూది పోట్ల గరుకుకి స్క్రీను ఒక్కోసారి ఆగిపోతుంటే మళ్ళీ జరుపుతోంది.

“ఇటివ్వు,” అన్నాడు బావ, చెయ్యి చాపి.

అక్క ఇవ్వలేదు.